నెలయా, నేలయా? ఛందస్సునే అడగాలి

పదవ తరగతి తెలుగు పరీక్షలో ఒక పద్యపాదం ఇచ్చి గణవిభజన చేయమని అడగటం చాలా కాలంగా వస్తున్న ఆచారం. విద్యార్థి అక్షరాల మీద వంపుగీతలు, నిలువుగీతలు పెట్టి, మూడేసి అక్షరాలను విడదీసి, గణాల పేర్లు వ్రాసి, ఇది ఉత్పలమాల అని తేల్చి మార్కులు తెచ్చుకొంటాడు. ఆ పాదాన్ని ఒక్కసారైనా పైకి చదవవలసిన అవసరం అతనికి కలగదు. పరీక్ష ముగిసిన కొద్ది రోజులకే గణాలు మరుపున పడతాయి. ఛందస్సు అంటే కవులు తమ కాళ్లకు తామే తగిలించుకొన్న సంకెల అన్న అభిప్రాయం మాత్రం చాలాకాలం మిగిలిపోతుంది.

సంకెల అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే కవిని కట్టివేయటానికి వేసినది అనటం కంటె, పద్యం చేజారిపోకుండా వేసినది అనటం న్యాయం. అచ్చుయంత్రం ఊహకైనా అందని కాలంలో కూర్చిన మాటల వరుస, ఎన్నో చేతులు మారి, ఎన్నో నోళ్లలో నలిగి, తొమ్మిది వందల ఏండ్ల తరువాత కూడా దాదాపు కవి కూర్చిన రూపంలోనే దొరుకుతున్నదంటే, ఆ వరుసలో తనను తాను కాపాడుకొనే ఏర్పాటు ఏదో ఉన్నదన్నమాట. గురువు, లఘువు, గణం, యతి, ప్రాస అనే పారిభాషిక పదాలన్నీ ఆ ఏర్పాటులోని భాగాలకు పెట్టిన పేర్లు.

తాటాకు గ్రంథాన్ని దగ్గరగా చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గంటంతో గీచిన ఆ అక్షరాల మధ్య పదానికీ పదానికీ ఎడం ఉండదు. పద్యమైనా వచనమైనా సాధారణంగా ఒకటే ధారగా, ఆకు ఈ చివరినుంచి ఆ చివరి వరకు సాగిపోతుంది. పాదం ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు కనిపించదు. ఆకులకు పురుగు పట్టి చిల్లులు పడతాయి, అంచులు విరుగుతాయి. అందుచేత కొన్ని తరాలకొకసారి గ్రంథాన్ని తిరిగి వ్రాయించక తప్పదు. వ్రాసే లేఖకుడు ప్రతిసారీ పండితుడే అయి ఉండాలన్న నియమమేమీ లేదు. వీటన్నింటికి తోడు పాత లిపిలో మరొక చిక్కు ఉన్నది. హల్లుమీద ఎకారానికి, ఏకారానికి వేరువేరు గుర్తులు ఉండేవి కావు. ఒకారం, ఓకారం సంగతీ అంతే. నేడు ‘నెల’ అనీ ‘నేల’ అనీ వేరుగా వ్రాసే రెండు మాటలకు ఆనాటి తాటాకు మీద రూపం ఒక్కటే. నెల అంటే చంద్రుడు. నేల అంటే కాళ్ల కింది భూమి. కవి చెప్పినది ఆకాశంలోని వస్తువా, పాదాల కింది వస్తువా?

ఈ తగవు తీర్చేది గురులఘువుల లెక్క. ఒక హ్రస్వాక్షరాన్ని పలకటానికి పట్టే కాలం ఒక మాత్ర. ఆపాటి కాలంలో పలికేది లఘువు. అందుకు రెట్టింపు కాలం తీసుకొనేది గురువు. ‘నెల’లో రెండూ లఘువులే. ‘నేల’లో మొదటిది గురువు, రెండవది లఘువు. ఆ చోట పద్యం గురువును కోరుతున్నదా, లఘువును కోరుతున్నదా అని చూస్తే చాలు, కవి ఏ మాట వాడినాడో తెలిసిపోతుంది. లేఖకుడిని అడగనక్కరలేదు; అడిగినా అతడు చెప్పలేడు.

గురువును గుర్తించటంలో పిల్లలు సాధారణంగా ఒకచోట తడబడతారు. దీర్ఘాక్షరం గురువు, సున్న గాని విసర్గ గాని ఉన్న అక్షరం గురువు అంటే వెంటనే ఒప్పుకొంటారు. ఒత్తు ఉన్న అక్షరాన్ని చూడగానే దాని మీదనే వంపుగీత పెడతారు. బరువు పడేది దాని మీద కాదు, దానికి ముందున్న అక్షరం మీద. ‘అమ్మ’ అని నెమ్మదిగా పలికితే సంగతి బోధపడుతుంది. నోరు మొదట ‘అమ్’ అని ఆగి, ఆ తరువాత ‘మ’ అంటుంది. ఆ ఆగిన కాలమంతా ‘అ’ లెక్కలోకే వస్తుంది. కంటితో చూచినవాడు పొరబడే ఈ చోట చెవితో విన్నవాడు పొరబడడు. ‘అమ్మ’, ‘సీత’, ‘నేల’ వ్రాతలో ఒకదానికొకటి పోలిక లేని మాటలు. చెవికి మాత్రం మూడింటి నడక ఒక్కటే.

మూడక్షరాల కట్టలో గురులఘువులు ఎనిమిది విధాలుగా అమరుతాయి. ఆ ఎనిమిదింటికి య, మ, త, ర, జ, భ, న, స అని పేర్లు. వీటిని జ్ఞాపకం ఉంచుకోవటానికి పూర్వులు ‘యమాతారాజభానసలగం’ అనే సూత్రం కల్పించినారు. ఏ గణం కావాలంటే ఆ అక్షరం నుంచి మూడక్షరాలు పలకాలి. ఆ పలుకే గణ స్వరూపం. యగణం కావాలంటే ‘యమాతా’: లఘువు, గురువు, గురువు. నగణం కావాలంటే ‘నసల’: మూడూ లఘువులే. నిర్వచనం, ఉదాహరణ ఒకే మాటలో ఇమిడిన ఇంత పొందికైన సూత్రాలు శాస్త్రాలలో అరుదు.

ఈ గణాలను ఒక నియత క్రమంలో పేర్చితే వృత్తం అవుతుంది. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర అనే ఆరు గణాలు, ఆపైన ఒక లఘువు, ఒక గురువు; మొత్తం ఇరవై అక్షరాలు. ఈ పాదంలో మొదటి గురువును తీసివేసి అక్కడ రెండు లఘువులను పెడితే చంపకమాల తయారవుతుంది. అక్షరాలు ఇరవై ఒకటి. శార్దూలానికి మత్తేభానికి ఉన్న సంబంధం కూడా సరిగ్గా ఇదే. నాలుగు వృత్తాలకు నాలుగు గణక్రమాలు కంఠస్థం చేయించే ఉపాధ్యాయులు ఈ ఒక్క చుట్టరికాన్ని చెప్పితే పిల్లలకు సగం శ్రమ తప్పుతుంది.

ఉత్పలమాల పాదంలో మూడవ గణం నగణం. అక్కడ ఒక కవి ‘జలము’ అన్నాడనుకొందాం. లేఖకుడికి ఇంటిలో అలవాటైన మాట ‘నీరు’. పరధ్యానంలో జలమును నీరుగా వ్రాసినాడు. అర్థం ఏమీ చెడలేదు. కాని మూడు లఘువుల చోట ఒక గురువు, ఒక లఘువు వచ్చి పడినాయి. పాదంలో ఒక అక్షరం తగ్గి పందొమ్మిది మిగిలినాయి. అంతే కాదు, పదవ అక్షరంగా ఉండవలసినది తొమ్మిదవ చోటికి జరిగినది. ఈ చివరి సంగతి తీవ్రత తెలియాలంటే యతి అంటే ఏమిటో తెలియాలి.

సంస్కృతంలో యతి అంటే విశ్రాంతి. పాదం నడుమ ఒకచోట మాట ముగిసి, చదివేవాడు ఊపిరి తీసుకొంటాడు. తెలుగు కవులు పేరు అదే ఉంచి పని మార్చినారు. తెలుగులో యతిస్థానం దగ్గర మాట విరగవలసిన అవసరం లేదు. పాదంలోని మొదటి అక్షరానికి మిత్రమైన అక్షరం అక్కడ ఉండి తీరాలి. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవది, శార్దూలంలో పదమూడవది, మత్తేభంలో పద్నాలుగవది ఈ స్థానాలు. మైత్రికి కూడా కొలతలు ఉన్నాయి. క, ఖ, గ, ఘ ఒకదానికొకటి చెల్లుతాయి. చవర్గలోని చ, ఛ, జ, ఝ అక్షరాలకు శ, ష, స తోడుపడతాయి. హల్లు కలిస్తే చాలదు, దానిమీది అచ్చు కూడా కలవాలి. ‘కా’కు ‘గ’ చెల్లుతుంది గాని, అదే కకారమైనా ‘కి’ చెల్లదు. క్రీ. శ. 1656 ప్రాంతంలో కాకునూరి అప్పకవి ఈ మైత్రీ భేదాలను ఎంత విస్తారంగా వర్ణించినాడంటే, అప్పకవీయం పేరు వింటేనే తరువాతి కవులకు గుండె దడ పుట్టేది. నలభై రకాల యతులున్నాయని భయపెట్టటం కంటె, ఉచ్చారణలో దగ్గరగా ఉన్నవి కలుస్తాయి అన్న ఒక్క ముక్క ముందు చెప్పటం మేలు.

ప్రాస దీనికి జంట. ప్రతి పాదంలోను రెండవ అక్షరంలోని హల్లు ఒకటే కావాలి. అక్కడ జంట హల్లు ఉంటే నాలుగు పాదాలలోను అదే జంట రావాలి. కాబట్టి వృత్తంలోని ప్రతి పాదమూ రెండు మేకుల మధ్య బిగించినట్లు ఉంటుంది. ప్రాస ఒక పాదాన్ని తక్కిన మూడు పాదాలతో నిలువున కట్టుతుంది. యతి ఆ పాదాన్ని తనలోనే అడ్డంగా కట్టుతుంది. ఎడం లేని తాటాకు ధారలో పాదం ఎక్కడ మొదలైనదో కనిపెట్టటానికి పరిష్కర్తలకు చేయూతనిచ్చినది కూడా ఈ రెండే.

ప్రాస మరొక మేలు కూడా చేసినది. అది కవి ఉద్దేశించినది కాదు. నేటి వాడుకలో బండిర అయిన ‘ఱ’ దాదాపు కనిపించదు. దానికీ మామూలు రేఫకూ ఉచ్చారణలో భేదం వినిపించటం ఏనాడో ఆగిపోయినది. కాని నన్నయ, తిక్కనలు ఈ రెండింటికి ప్రాస కలపలేదు. తరువాతి కాలపు కవులు కలిపినారు. ఆ రెండు కాలాల నడుమ ఎప్పుడో తెలుగువారి నోటిలో ఒక ధ్వని మాసిపోయినదని దీనినిబట్టి తెలుస్తున్నది. ధ్వనిముద్రణ యంత్రాలు లేని యుగం మాట్లాడిన తీరుకు పద్యంలోని రెండవ అక్షరం సాక్ష్యం పలకటం విశేషమే కదా.

ఈ రెండు నియమాలలో ప్రాస తెలుగువారిది మాత్రమే కాదు. కన్నడ కవులకు రెండవ అక్షరపు ప్రాస ప్రాణప్రదం. తమిళంలో ఎదుగై అనేది మన ప్రాసకు, మోనై అనేది యతికి తోబుట్టువులవంటివి. ఉత్తరాదికి పోతే మాత్రం చెవి మరొక వైపు తిరుగుతుంది. హిందీ దోహాలో పదమూడు, పదకొండు మాత్రల చొప్పున సాగే రెండు పాదాలకు అంత్యప్రాస పెడతారు. ఉర్దూ గజల్‌లో చివర తిరిగి తిరిగి వచ్చే మాట రదీఫ్, దానికి ముందు ప్రాస కుదిరే మాట కాఫియా. దక్షిణదేశపు కవి పాదం మొదట్లోనే మాట ఇస్తే, ఉత్తరదేశపు కవి చివర వరకు వేచి ఉంచి చెల్లిస్తాడు. హైదరాబాదు గాలిలో ఈ రెండు అలవాట్లు కలిసినాయి, దాశరథి, సి. నారాయణరెడ్డి తెలుగులో గజళ్లు వ్రాసినప్పుడు రదీఫ్ కాఫియాలు తెలుగు మాటలతో కొత్త చుట్టరికం కలుపుకొన్నాయి.

ఇక దేశిపద్యాల తీరు వేరు. ఆటవెలది, తేటగీతి, ద్విపద, సీసాలలో అక్షరాల సంఖ్య నియతం కాదు. సూర్యగణాలు, ఇంద్రగణాలు అనే రెండు జాతుల నుంచి కవి తనకు నచ్చినదానిని ఎంచుకొంటాడు. సూర్యగణాలు రెండే: మూడు లఘువులు గల నగణం, ఒక గురువు, ఒక లఘువు గల గలం. ఇంద్రగణాలు ఆరు. ఆటవెలది ఒకటవ, మూడవ పాదాలలో మూడు సూర్యగణాల పైన రెండు ఇంద్రగణాలు, రెండవ, నాలుగవ పాదాలలో అయిదూ సూర్యగణాలే. ప్రాస నియమం లేదు. ఇంత వెసులుబాటు ఉన్నందువల్లనే ఈ పద్యాలు మాట్లాడినట్లు నడుస్తాయి. పలకబలపం పట్టనివారి నోట కూడా పలుకుతాయి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి ద్విపదను ఎన్నుకోవటంలోని అంతరార్థం ఇదే.

కాని వెసులుబాటు పెరిగినచోట కాపలా సడలుతుంది. ‘జలము’ నగణం, ‘నీరు’ గలం, రెండూ సూర్యగణాలే. ఆటవెలదిలో పాదారంభంలో గాని యతిస్థానంలో గాని కాక మరొక చోట జలము ఉంటే, దానిని నీరుగా మార్చినవాడిని ఛందస్సు పట్టుకోలేదు. వేమన పద్యాలకు జరిగినది ఇదే. ఒకే పద్యం ఒక సీమలో ఒక విధంగాను, మరొక సీమలో మరొక విధంగాను వినబడుతుంది. రెండూ ఆటవెలదులే, రెండింటిలోను యతి తప్పదు. పైగా ఆయన పద్యాలలో నాలుగవ పాదం సాధారణంగా మకుటం. ఆ మకుటం అయిదు సూర్యగణాలకు అతికినట్లు సరిపోతుంది. మొదటి అక్షరము, నాలుగవ గణంలోని మొదటి అక్షరము ఒకటే కావటంవల్ల యతి కూడా సిద్ధంగా ఉంటుంది. అంటే పద్యంలో నాలుగవ వంతు ముందే తయారై ఉన్నది. మూడు పాదాలు కూర్చగలిగిన వాడెవడైనా వేమన పేరుమీద పద్యం చెప్పవచ్చును. చెప్పినారు కూడా. సుమతీ శతకంలోని మకుటానిదీ ఇటువంటి పొందికే. కందంలో రెండవ, నాలుగవ పాదాలు గురువుతో ముగియాలి. ‘సుమతీ’ రెండు లఘువులు, ఒక గురువు. నాలుగు మాత్రల సగణం. కందం చివర కూర్చోవటానికే పుట్టినట్లుండే మాట.

కడపలో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించినది 1829లో. అంతకు రెండేండ్ల ముందు, 1827లో, ఆయన తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించే పుస్తకం ప్రకటించినాడు. ఈ వరుస గమనింపదగినది. పుట్టుకతో తెలుగు చెవి లేని ఆ పరదేశి, పండితుల చేత ప్రతులను సరిపోల్చించి పాఠం నిర్ణయించటానికి పూనుకొన్నవాడు, ముందుగా చేతబట్టినది ఛందస్సునే.

అలంకారాల సంగతికి వస్తే అవి కాపలా కాసేవి కావు. కాపలాకు పాత్రమైన సొత్తులో చేరినవి. ‘ఆమె మాట తేనెవలె తీయగా ఉన్నది’ అంటే ఉపమ. మాట ఉపమేయం, తేనె ఉపమానం, తీయదనం సమానధర్మం, ‘వలె’ ఉపమావాచకం. ఆ ‘వలె’ను తొలగించి, మాటకు తేనెకు భేదమే లేదన్నట్లు ‘ఆమె మాట తేనె’ అంటే రూపకం. ‘అది మాట కాదు, తేనెయేమో’ అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఒకే పోలిక నమ్మకం కొద్దీ మెట్లు ఎక్కుతున్నది, అంతే. ఈ పేర్లేవీ వినని ముసలవ్వ ‘కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లు’ అని మనుమడి ప్రయోజకత్వాన్ని కొలిచినప్పుడు, ఆ ‘అట్లు’ అన్నది శాస్త్రోక్తమైన ఉపమావాచకమే.

యతిప్రాసలు సొంత భాష గడప దాటలేవు, అలంకారాలు దాటగలవు. తెలుగు పద్యాన్ని వంగభాషలోకి మార్చితే తొలి అక్షరపు మైత్రి ఇక్కడే ఆగిపోతుంది, పోలిక మాత్రం ప్రయాణం చేస్తుంది. అందువల్లనే అలంకారశాస్త్రం దేశమంతటికీ ఉమ్మడి ఆస్తి అయినది. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు, మాటలు పైకి చెప్పినదానికంటె అవి లోపల స్ఫురింపజేసేదే కావ్యానికి ఆత్మ అని ధ్వని సిద్ధాంతం నిలిపినాడు. పదిహేడవ శతాబ్దంలో షాజహాను ఆదరం పొంది రసగంగాధరం వ్రాసిన జగన్నాథ పండితరాయలు తెలుగువాడు. సంస్కృత వృత్తాలను తెలుగులోకి తెచ్చుకొన్నప్పుడు నన్నయాదులు వాటి గణక్రమాన్ని యథాతథంగా ఉంచి, వాటిలో లేని యతిమైత్రిని, ప్రాసను తగిలించినారు. ఉపమను, రూపకాన్ని మాత్రం మార్చవలసిన పని వారికి పడలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో కవులు ఈ గొలుసులను ఒక్కొక్కటిగా విప్పినారు. గురజాడ అప్పారావు 1910లో వెలువరించిన ముత్యాలసరాలలో మూడు, నాలుగు మాత్రల తూగు ఉన్నది; యతిప్రాసల నిర్బంధం లేదు. 1939లో పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’తో తూగును కూడా వెక్కిరించినాడు. శ్రీశ్రీ మాత్రాఛందస్సులో కొత్త వేగం పుట్టించినాడు; కుందుర్తి వచన కవితను ఉద్యమంగా నడిపినాడు. ఈ మార్పును పతనమని వాపోయినవారి మాట నిలవలేదు, నిలవవలసిన పని కూడా లేదు. అచ్చుపుస్తకం వచ్చిన తరువాత మాటలను భద్రపరిచే భారం కాగితం మోసినది. కవికి కొంత బరువు తగ్గినది. ఒక్క నష్టాన్ని మాత్రం ఒప్పుకొనక తప్పదు. వచన కవితలో అచ్చు కూర్చేవాడు ఒక పంక్తి వదలివేస్తే, ఆ పంక్తి లేని లోటును కవి తప్ప మరెవరూ కనిపెట్టలేరు.

పద్యానికి ఆ చిక్కు లేదు. ఈనాడు శతక పద్యాలు చేతిలోని ఫోనులో ఒకరినుంచి ఒకరికి పోతున్నాయి. తాటాకు లేఖకుడి పరధ్యానం ఇప్పుడు వేలి కొసకు చేరినది. దీర్ఘాలు పోతున్నాయి, ఒత్తులు ఊడిపోతున్నాయి, అప్పుడప్పుడు మాటే ఎగిరిపోతున్నది. అటువంటి పద్యం చదువుతున్నప్పుడు నాలుక ఒకచోట తొట్రుపడితే, తప్పు నాలుకదేనని పాఠకుడు చిన్నబుచ్చుకోనక్కరలేదు. పైకి చదివి, వ్రేళ్లమీద అక్షరాలు లెక్కించాలి. ఉత్పలమాలలో ఇరవైకి బదులు పందొమ్మిదే తేలి, మొదటి అక్షరానికి మిత్రమైనది పదవ చోట కాక తొమ్మిదవ చోట కనిపిస్తే, పోయిన అక్షరం ఆ రెండింటి నడుమనే ఎక్కడో ఉండాలి. మైత్రి పదవ చోటనే సరిగా ఉంటే, యతికి ఆవలి పది అక్షరాలలో వెదకాలి.